ఆర్డిత్ వదిలేసిన తాడు

ప్రతి మంగళవారం మధ్యాహ్నం ఆర్డిత్ యాభై మైళ్ళు బండి నడుపుకుంటూ పక్క కౌంటీకి పోతోందని తెలిసి, ఆమెకు ఎవడో దొరికాడనుకున్నారు ఊళ్ళోవాళ్ళు. మొగుడు పోయి ఏడాదన్నా నిండలేదు, అని కూడా అనుకున్నారు. కుండ మూతికి మూకుడుంది గానీ లోకం నోటికి లేదు. నెబ్రాస్కాలో జనవరి అంటే బండి తలుపులు కూడా మంచుకు బిగుసుకుపోయి మొరాయించే నెల. అలాంటి చలిలో యాభై ఎనిమిదేళ్ళ మనిషి అంత దూరం పోయేది ఫిజిక్సు ప్రశ్నలు వినడానికంటే ఎవరు నమ్ముతారు? ఆమె పోయేది మాత్రం అందుకే.

అక్కడి గ్రంథాలయం కింది గదిలో రెండు గంటలకు ఒక గుంపు చేరేది. ముప్ఫై ఏళ్ళు బడిలో ఫిజిక్సు చెప్పి రిటైరైన హాల్వర్ మాస్టారు దానికి పెద్ద. ఉత్తరాలు పంచే ఎమ్మెట్, ఆడవాళ్ళ జుట్టు కత్తిరించే డార్లా ఎన్నడూ తప్పనివాళ్ళు. మిగతావాళ్ళు వచ్చేదీ రానిదీ ఆ రోజు చలిని బట్టి, తిండిని బట్టి ఉండేది. మాంసం, చిక్కుడు గింజలు వేసి కారంగా వండే చిల్లీ, దాల్చినచెక్క రొట్టె పెడతారని తెలిస్తే పదిహేనుమంది ఊడిపడేవాళ్ళు. ఇంట్లోనో వీధిలోనో కంటికి కనబడినదాని గురించే అడగాలని అక్కడి నియమం. కృష్ణబిలాలూ, అణువులూ ఎత్తితే మాస్టారు, "అవి టీవీలో చూసుకో నాయనా, ఇక్కడ మన పెరడు చాలు" అని నోరు మూయించేవాడు. స్నానం చేస్తుంటే తెర వచ్చి కాళ్ళకు ఎందుకు అతుక్కుంటుంది? డబ్బాలో పంచదార తడితే ఎందుకు కుంగుతుంది? ఇలాంటివే అన్నీ. మాటలతో తేలకపోతే చేసి చూడాల్సిందే. రొట్టెముక్క వెన్న రాసిన వైపే ఎందుకు పడుతుందో కనుక్కోవడానికి ఒకసారి రెండు పెద్ద రొట్టెలు నేలపాలు చేసి, గ్రంథాలయం ఆవిడ చేత చీవాట్లు తిన్నారు.

ఆర్డిత్ దగ్గర ఉన్నది ఒకటే ప్రశ్న. అది సొంత కౌంటీలో అడిగితే ఎవరి గురించి అడుగుతోందో పసిపిల్లవాడు కూడా చెప్పేస్తాడు. అందుకే ఈ యాభై మైళ్ళు.

పోయిన ఫిబ్రవరి సంగతి అది. తడి ఆరని మొక్కజొన్న ఇంటెత్తు రేకుల గాదెకెత్తితే గింజలు గడ్డకట్టి, అడుగున వాటిని బయటికి లాగే మరలోకి దిగవు. అప్పుడు రైతు ఏం చేయాలి? మర ఆపి, నడుముకు తాడు కట్టుకుని, పైన ఒక మనిషిని నిలబెట్టి లోపలికి దిగాలి. రైతు ఏం చేస్తాడు? మర తిరుగుతుండగానే ఇనుప కడ్డీ చేతబట్టుకుని దిగుతాడు. మా నాన్న ఇలాగే దిగాడు, మా తాత ఇలాగే దిగాడు, పోయారా ఏమన్నా అంటాడు. ఆర్డిత్ మొగుడు డెల్మర్ కూడా అలాగే దిగాడు. పొడిచిన గడ్డ ఒక్కసారిగా పగిలి కాళ్ళు లాగేసింది. తమ్ముడు గాలెన్ పరిగెత్తి మర ఆపేసరికి డెల్మర్ ఛాతీ దాకా గింజల్లో ఉన్నాడు.

ప్రాణంతోనే ఉన్నాడు. "నన్ను నాటేశావు కదరా, ఇక నీళ్ళు పొయ్యి" అని తమ్ముడితో హాస్యమాడాడు కూడా. గాలెన్, కేక విని పరిగెత్తుకొచ్చిన ఆర్డిత్ గాదె పై తలుపు దగ్గర నిచ్చెనకు కాళ్ళు తన్నిపెట్టి, అతని చంకల కింద తాడు వేయించి లాగారు. లాగుతుండగా డెల్మర్, "వదిలెయ్, ఆర్డీ, నడుం తెగిపోతోంది" అన్నాడు. ఆమె వదిలేసింది. కిందికి దిగి షెడ్డులోంచి రేకులు కోసే రంపం పట్టుకొచ్చింది. గోడకు కంత పెడితే గింజలు బయటికి కారిపోతాయని ఆమెకు తోచింది. పైనుంచి గాలెన్ అరిచాడు: "కొయ్యొద్దు! గాదె కూలి వాడి మీద పడుద్ది! వచ్చి లాగు!" ఆమె రంపం మంచులో పడేసి మళ్ళీ నిచ్చెనెక్కింది.

మంటలార్పే బృందానికి ఫోను చేశారు గానీ, బృందం అంటే అక్కడ ఊరి మనుషులే. ఒకడు పశువుల దొడ్లోంచి రావాలి, ఒకడు దుకాణం మూసి రావాలి. నలభై నిమిషాలు పట్టింది. అప్పటికి డెల్మర్ మాట ఆగిపోయి అయిదు నిమిషాలైంది.

అంత్యక్రియలయ్యాక గాలెన్ రైతుల సంఘం కొట్లో కాఫీ బల్ల దగ్గర కూర్చుని చెప్పాడు: "అన్న కదిలాడు. ఒక్క అంగుళమే అనుకో, నా చేతులకు తెలిసింది. సరిగ్గా అప్పుడే ఆవిడ వదిలేసింది, రెండంగుళాలు దిగిపోయాడు. వదలమన్నాడంట! నేనూ అక్కడే ఉన్నా. నాకే మాటా వినపళ్ళేదు." ఆ రోజునుంచి అతను వదినెతో మాట్లాడలేదు. మంచు పడిన ప్రతి పొద్దునా వచ్చి ఆమె వాకిలి దారి శుభ్రంగా చేసి, కిటికీ వైపు తల తిప్పకుండా పోయేవాడు. ఆ మర్యాద తిట్టుకంటే ఎక్కువగా తగిలేది ఆమెకు. రోజులు గడిచేకొద్దీ డెల్మర్ నిజంగా ఆ మాట అన్నాడో, తన చేతులు నొప్పెట్టి తానే ఊహించుకుందో ఆమెకే తెలియకుండా పోయింది. తాడు వదలకపోయి ఉంటే మొగుడు బతికేవాడా? అదొక్కటి తేలితే చాలు. మంచో చెడో తేలాలి.

నాలుగు మంగళవారాలు ఆమె అది అడగలేదు. పంచదార కుంగడం గురించి మాత్రం ఒకసారి అడిగి, ఎమ్మెట్ చేత "ఈవిడ కాఫీలో పంచదార వేసుకోదు గానీ దాని లోతులు కావాలి" అనిపించుకుంది. అయిదోవారం కడుపులో మాట బయటపెట్టింది.

"మనిషి మొక్కజొన్నలో ఛాతీ దాకా దిగబడితే, పైకి లాగడానికి ఎంత బలం కావాలి మాస్టారూ?"

అడిగేసి బల్ల అంచు పట్టుకుంది. ఎవరూ అదోలా చూడలేదు. పైగా అందరికీ హుషారొచ్చింది. రైతుల దేశంలో ఇంత మంచి ప్రశ్న ఇన్నేళ్ళు ఎవరికీ తట్టలేదేమని మాస్టారు నొచ్చుకున్నాడు. "మాటలొద్దు, చేసి చూద్దాం" అన్నాడు. మరుసటివారానికి ఎమ్మెట్ వాళ్ళ బావమరిది దగ్గర్నించి ఒక పీపా, దాన్నిండా మొక్కజొన్న, ఒక కంచె గుంజ మోసుకొచ్చాడు. వేటాడిన జింకలను తూచే కాటా మాస్టారు తెచ్చాడు. డార్లా గుంజకు పైన కళ్ళూ మూతీ గీసి, టోపీ పెట్టింది.

"వీడికో పేరు పెట్టండి," అంది డార్లా.

"పేరెందుకు," అంది ఆర్డిత్.  కాఫీ కప్పు అందుకుంది.

గుంజను ఒక అడుగు లోతున నిలబెట్టి చుట్టూ గింజలు పోశారు. కాటా తగిలించారు. "నువ్వు లాగమ్మా, పొలం చేతులు నీవే," అన్నాడు మాస్టారు. ఆర్డిత్ లాగింది. ముల్లు ఇరవై పౌన్ల దగ్గరికి వచ్చేసరికి గుంజ కదిలింది.

"రెండడుగులైతే నలభై," అన్నాడు ఎమ్మెట్. "దీనికి ఫిజిక్సెందుకు, ఒకటో తరగతి లెక్క చాలు."

"అలాగా? ఓడిపోతే వచ్చేవారం చిల్లీ నీదే," అన్నాడు మాస్టారు.

రెండడుగుల లోతున పాతారు. ఆర్డిత్ లాగింది. ముల్లు నలభై దాటింది, గుంజ కదల్లేదు. అరవై దాటింది. డార్లా గీసిన మొహం నవ్వుతూ అక్కడే ఉంది. ఆమె కాలు పీపాకు తన్నిపెట్టి, పళ్ళు బిగబట్టి, నడుం వెనక్కి వాల్చి లాగింది. అలా తన్నిపెట్టడం ఆ కాలికి తెలుసు. ముల్లు ఎనభై దగ్గర ఉండగా గుంజ ఊడి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు.

మాస్టారి మొహం వెలిగిపోయింది. "చూశారా! లోతు రెట్టింపైతే పట్టు నాలుగింతలు. కింద ఉన్న గింజల మీద పైనున్న గింజల బరువు కూడా పడుతుంది కదా, అందుకని లోపలికి పోయేకొద్దీ ఇంకా గట్టిగా పట్టుకుంటాయి." బల్ల మీద కాగితం పరిచి లెక్క వేశాడు. మనిషి చుట్టుకొలత ఇంత, ఛాతీ దాకా లోతు ఇంత. "ఎనిమిది వందల పౌన్లు. కాస్త అటూ ఇటూ."

"ఇద్దరు మనుషులు లాగితే?" అంది ఆర్డిత్. "పైనుంచి, నిచ్చెన మీద నిలబడి?"

"ఆనుకోడానికి సరైన చోటు లేకుండానా? మూడొందలు వస్తే గొప్ప."

"అంటే మధ్యలో ఒకళ్ళు వదిలేసినా..."

"వదిలినా ఒకటే, వదలకపోయినా ఒకటే. ఇద్దరు కాదు, అయిదుగురు లాగినా రాడు. ఒక అంగుళం పైకి కదిలినట్టుంటుంది. అది తాడు సాగడమో, భుజాలు సాగడమో. మనిషి రాడు."

ఆర్డిత్ కుర్చీలో కూర్చుంది. పదకొండు నెలలుగా ఛాతీ మీద కూర్చున్నదేదో లేచి పోయింది. ఏడుపు రాలేదు, నవ్వు రాబోయింది. ఇక ఆ కాగితం తీసుకుని ఇంటికి పోయి ఉంటే ఎంత బాగుండేది!

కానీ ఎమ్మెట్‌కు ఉన్నచోట ఉండటం చేతకాదు. "మరి వాణ్ణి బయటికి తీసేదెట్లా? అలాగే వదిలేస్తామా ఏంటి?" అన్నాడు.

"మనిషిని లాగకూడదు, గింజల్ని పంపించెయ్యాలి," అన్నాడు మాస్టారు. "గోడ రేకుకు కంతలు కోస్తే అవే కారిపోతాయి."

"గాదె కూలదూ?"

"ఒక్క పక్కనే కోస్తే కూలొచ్చు, బరువు ఒరిగిపోతుంది. చుట్టూ నాలుగు పక్కలా సమానంగా కోస్తే కూలదు. మనిషి నడుం దాకా బయటపడటానికి..." ఇంకో కాగితం మీద మళ్ళీ లెక్క వేశాడు. "పావుగంట. మహా అయితే ఇరవై నిమిషాలు. ఆలస్యం మాత్రం చెయ్యకూడదు. వాడు ఊపిరి వదిలినప్పుడల్లా గింజలు ఆ ఖాళీలోకి జారతాయి, మళ్ళీ పీల్చుకోడానికి చోటివ్వవు."

"కమ్మగా ఉంది లెక్క," అన్నాడు ఎమ్మెట్, చేతులు రుద్దుకుంటూ.

డార్లా ఒక్కతే ఆర్డిత్ మొహం చూసింది.  లేచి వచ్చి ఆమె చేతిలోని ఖాళీ కప్పు తీసుకుంది.

ఇంటికి పోయే దారి పొడుగునా ఆర్డిత్ లోపల రెండు మాటలు పొడుచుకున్నాయి. తాడు వదలడం తప్పు కాదు. రంపం వదలడం తప్పు. గాలెన్ అరిచాడు, నిజమే. కానీ పడేసింది తన చెయ్యి. అయినా ఆ రాత్రి పడుకుని ఆలోచించి, గాలెన్‌కు సగం చెబితే చాలనుకుంది. తనకు కావలసిన సగం.

మర్నాడు పొద్దున్నే మరిది యంత్రాల షెడ్డుకు పోయింది. గాలెన్ విత్తనాలు నాటే యంత్రం కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. ఆమె బూట్లు చూసి బయటికి వచ్చాడు.

"ఏంటి?" అన్నాడు. పదకొండు నెలల తర్వాత తొలి మాట అది.

"ఇది చదువు."

మాస్టారి కాగితం చేతికిచ్చి, పీపా సంగతీ గుంజ సంగతీ చెప్పింది. ఈ క్షణం కోసం ఆమె ఎన్నో మాటలు కూడబెట్టుకుంది. ఊరందరిలో నన్ను దోషిని చేశావు, ఇప్పుడేమంటావు అని నిలదీయాలనుకుంది. గాలెన్ జిడ్డు వేలితో అంకెల వెంట పోతూ రెండుసార్లు చదివాడు. రైతుకు బరువు గురించి ఒకరు చెప్పాలా? అతని మొహంలో రంగు మారడం ఆమెకు కనబడింది. ఆమె కూడబెట్టుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి.

"ఎనిమిది వందలా," అన్నాడు.

"మనిద్దరం కలిసి మూడొందలు లాగలేం, గాలెన్."

"ట్రాక్టరుకు కడితే?"

"మనిషి రెండు ముక్కలయ్యేవాడు."

అతను వెనక్కి నడిచి టైరు మీద కూర్చున్నాడు. చాలాసేపు కాగితాన్ని మడతపెట్టాడు, విప్పాడు. "మరి కోస్తే?" అన్నాడు చివరికి. "నువ్వు రంపం తెచ్చావు గదా. కోస్తే ఏమయ్యేదంట?"

"అది ఎవరూ అడగలేదు."

"అన్ని అడిగినోళ్ళు అదొక్కటీ అడగలేదా?"

"లేదన్నాను కదా."

గాలెన్ ఆమె వైపు చూశాడు. "నీకు అబద్ధమాడ్డం రాదని అన్న ఎప్పుడూ అంటుండేవాడు. మళ్ళీ ఎప్పుడు పోతున్నావు అక్కడికి?"

"వద్దు, గాలెన్."

"ఎప్పుడు?"

మంగళవారం ఒంటిగంటకు అతను శుభ్రమైన చొక్కా వేసుకుని, గడ్డం గీసుకుని వచ్చి ఆమె బండిలో కూర్చున్నాడు. 

ఆ రోజు చిల్లీ ఎమ్మెట్‌ది కాబట్టి గది నిండిపోయింది. కొత్త మనిషిని చూసి మాస్టారు సంబరపడి, "కొత్తవాళ్ళకే మొదటి ప్రశ్న, రండి" అన్నాడు. గాలెన్ లేచి టోపీ తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నా పేరు గాలెన్. పోయిన ఫిబ్రవరిలో మా అన్న మొక్కజొన్న గాదెలో పోయాడు. వాడి పేరు డెల్మర్. ఈవిడ వాడి భార్య." అతని గొంతు చదును చేసిన నేలలా ఉంది, ఎగుడూ దిగుడూ లేదు. "ఈవిడ గాదె కోద్దామని రంపం తెచ్చింది. కూలుద్దని నేను వద్దన్నా. అప్పటికి పది నిమిషాలైంది. వాడు ఆ తర్వాత ఇంకో పాతిక నిమిషాలు బతికే ఉన్నాడు. కోస్తే ఏమయ్యేదో చెప్పండి."

ఎమ్మెట్ చెంచా కిందపెట్టేశాడు. పోయినవారం చేతులు రుద్దుకున్న మనిషి ఆ చేతుల్ని ఎక్కడ దాచుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు. మాస్టారు బల్లకు ఆనుకున్నాడు. గుంజకు మొహం గీసి టోపీ పెట్టడం, చప్పట్లు కొట్టడం, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి ఆయనకు.

"అది... అక్కడ పరిస్థితులు తెలియకుండా చెప్పలేం బాబూ," అన్నాడు.

"చెప్పగలరు. మీ మొహం చెబుతోంది."

మాస్టారు ఆర్డిత్ వైపు చూశాడు. ఆ చూపు ఆమెకు అర్థమైంది. ఆమె తల ఒక్కసారి అడ్డంగా ఊపితే చాలు, ఆ ముసలాయన జీవితంలో మొదటిసారి తప్పు లెక్క చెప్పేస్తాడు. ఊపుదామనే అనుకుంది. కానీ పదకొండు నెలల కాఫీ బల్ల మాటలు, కిటికీ వైపు తిరగని ఆ మొహం ఆమె మెడ బిగబట్టేశాయి. ఆర్డిత్ తల దించుకుంది.

"నాలుగు పక్కలా కోసుంటే గాదె కూలేది కాదు," అన్నాడు మాస్టారు. "ఇరవై నిమిషాల్లో నడుం దాకా బయటపడేవాడు."

"ఇరవై," అన్నాడు గాలెన్.

"అవును."

"సరే. చాలా థాంక్స్ అండీ." అతను కూర్చున్నాడు. టోపీ మోకాలి మీద పెట్టుకున్నాడు. ఎవరూ కదలకపోతే, "కానివ్వండి, తర్వాతి ప్రశ్న ఎవరిది?" అని అతనే అన్నాడు. వెనకనుంచి ఒక ముసలావిడ, కిటికీ అద్దం లోపలివైపే మంచు పువ్వులు ఎందుకు పూస్తాయని భయంభయంగా అడిగింది. మాస్టారు ఏదో చెప్పాడు. గాలెన్ బడిపిల్లవాడిలా చివరిదాకా బుద్ధిగా విన్నాడు.

బయట బండిలో కూర్చున్నాక ఆర్డిత్ తాళం పెట్టింది గానీ తిప్పలేదు. ఊపిరి ఆవిరికి అద్దం మసకేసింది.

"నేను తల ఊపి ఉంటే ఆయన చెప్పేవాడు కాదు," అంది.

"చూశాను."

"నీ మీద కోపంతోనే ఊపలేదు."

"తెలుసు." గాలెన్ చేతుల్లోకి చూసుకున్నాడు. "సంఘం కొట్టుకు పోయి చెబుతాలే. నువ్వు తాడు వదల్లేదని చెబుతా."

"నేను వదిలాను, గాలెన్. ఆయన వదలమన్నాడు."

"ఆఁ, అన్నాడు."

ఆమె అతని వైపు తిరిగింది.

"నాకూ వినపడింది," అన్నాడు గాలెన్. "నడుం తెగిపోతోందన్నాడు. నువ్వు వదిలావు. నేను లాగుతూనే ఉన్నా. ఇంకా రెండుసార్లు అన్నాడు, నువ్వు రంపం కోసం కిందికి పోయాక. నేను లాగుతూనే ఉన్నా, ఆర్డిత్."

ఆమె కోరుకున్న మాట అది. పదకొండు నెలలు దాని కోసమే బతికింది. చెవి తనను మోసం చెయ్యలేదని తేలితే చాలు, హాయిగా నిద్రపోతాననుకుంది. ఇప్పుడు తేలింది. ఇన్నాళ్ళూ ఆ మాట తాను ఊహించుకున్నదే అయి ఉండొచ్చనే అనుమానం ఒక మూల ఉండేది. డెల్మర్‌కు అంత నొప్పి లేకపోయి ఉండొచ్చు కూడా, అనే చిన్న ఆశ ఆ అనుమానాన్ని అంటిపెట్టుకుని ఉండేదని, అది పోయాకే ఆమెకు తెలిసింది.

పక్కన గాలెన్ సీటు బెల్టు పెట్టుకోవడానికి తంటాలు పడుతున్నాడు. కొక్కెం పడటం లేదు. ఆర్డిత్ కాసేపు చూసి, వంగి, తానే పెట్టింది. తర్వాత తాళం తిప్పింది.